బైపోలార్ అని తేలిన తొలి నెలల్లో నిద్ర పట్టకపోతే

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. మీకు 28 ఏళ్ళు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మేనియాతో, అంటే ఉత్సాహం, వేగం అదుపు తప్పిన స్థితిలో, ఆసుపత్రిలో చేరినప్పుడు బైపోలార్ టైప్ 1 (మేనియా, సాధారణంగా డిప్రెషన్ కూడా విడతలుగా వచ్చే మానసిక జబ్బు) అని నిర్ధారించారు. ఇంటికి వచ్చి నెల దాటింది. రాత్రిపూట మనఃస్థితిని నిలకడగా ఉంచే లిథియం, మేనియాను అణిచే ఓలాంజపిన్ వేసుకుంటున్నారు. పోయినసారి చూపించుకున్నప్పుడు ఓలాంజపిన్ మోతాదు సగానికి తగ్గించారు. ఆ తరువాత పదిన్నరకు పడుకున్నా రెండు దాటేదాకా కన్ను మూతపడడం లేదు, ఆరున్నరకల్లా మెలకువ వచ్చేస్తోంది, పగలంతా అలసటతో పనిమీద దృష్టి నిలవడం లేదు, మంచం చూస్తేనే భయం వేస్తోంది. జబ్బు తిరగబెడుతోందేమోనన్న భయం ఒకవైపు, మెడికల్ షాపులో నిద్రమాత్ర తెచ్చుకోమని అమ్మగారి పోరు మరొకవైపు, వచ్చే నెల నుంచి రాత్రి షిఫ్టుకు రమ్మని ఆఫీసు నుంచి మెయిలు ఇంకొకవైపు. తరువాతి అపాయింట్‌మెంటుకు ఇంకా మూడు వారాలు ఉంది. సైకియాట్రిస్టుగా ఈ జబ్బు ఉన్నవారిని చాలా ఏళ్ళుగా చూస్తున్న అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను. మిమ్మల్ని కళ్ళతో చూసి పరీక్షించినది మీ డాక్టరు కాబట్టి మందుల విషయంలో చివరి మాట వారిదే.

ముందు తేల్చుకోవలసినది ఒకటి ఉంది. మీకు నిద్ర కావాలనిపించినా రావడం లేదా, లేక నిద్ర అవసరమే లేదనిపిస్తోందా? బయటినుంచి చూసేవారికి రెండూ ఒకేలా ఉంటాయి: రాత్రి రెండింటికి మనిషి మేలుకుని ఉన్నాడు, అంతే. కానీ మేనియా మొదలవుతున్న మనిషి మూడు గంటలు పడుకుని, నాలుగింటికే లేచి, తెల్లవారేలోగా బీరువా మొత్తం సర్ది, నలుగురికి పొడుగాటి మెసేజీలు పంపి, పగలంతా ఒక్క ఆవులింత కూడా లేకుండా తిరుగుతాడు. నిద్ర పోయిందన్న బాధ అతనికి ఉండదు, ఇంత సమయం కలిసివచ్చిందన్న ఉత్సాహమే ఉంటుంది. అందుకే అతను నిద్ర గురించి ఫిర్యాదు చేస్తూ నా దగ్గరకు రాడు, ఇంట్లోవాళ్ళే తీసుకువస్తారు. నిద్రలేమితో బాధపడే మనిషి సంగతి వేరు. కళ్ళు మండుతుంటాయి, తల బరువెక్కుతుంది, మధ్యాహ్నం భోజనం కాగానే కూర్చున్నచోటే జోగుతాడు, రాత్రి అవుతోందంటే దిగులు మొదలవుతుంది. మీ ఉత్తరంలో ఉన్న అలసట, పనిమీద దృష్టి నిలవకపోవడం, మంచం చూస్తేనే కలిగే భయం రెండో రకానికే దగ్గరగా ఉన్నాయి. అంటే, మీరు రాసినంతవరకు ఇది మేనియా తిరగబెట్టినట్టుగా నాకు కనిపించడం లేదు.

ఈ రెండు కాక మూడో పరిస్థితి కూడా ఉంది, దాన్ని చాలామంది గుర్తించరు. మనసు నిండా దిగులు, నిరాశ ఉంటాయి. అదే సమయంలో ఆలోచనలు ఆగకుండా పరుగెడుతుంటాయి, కాలు ఒకచోట నిలవదు, చిరాకు కట్టలు తెంచుకుంటుంది, నిద్ర అసలే రాదు. డిప్రెషన్, మేనియా కలగలిసిన ఈ స్థితిలో ఆత్మహత్య ఆలోచనలు రావడం, వాటిని అమలు చేసేంత ఉద్రేకం కూడా ఉండడం వల్ల ప్రమాదం ఎక్కువ. మీ నిద్రలేమికి ఈ రంగు ఏమాత్రం అంటుకున్నా ఈ సమాధానం చదవడం ఆపి ఈరోజే డాక్టరుకు ఫోను చేయండి.

ఈ తేడా మీకు మీరుగా తేల్చుకోలేని రోజులు కూడా వస్తాయి. మేనియా తొలిరోజుల్లో మనిషికి తాను బాగుపడ్డట్టే ఉంటుంది, డిప్రెషన్ తరువాత వచ్చినదైతే మరీను. కాబట్టి ఇంకొకరి కళ్ళు కావాలి. మీ ఇంట్లో అది అమ్మగారే కావచ్చు. ఆసుపత్రిలో చేరడానికి ముందు పది పదిహేను రోజుల్లో మీలో ఏమేమి మారిందో ఆమెతో కూర్చుని రాయించుకోండి. మాట వేగం పెరిగిందా, ఎదుటివారిని పూర్తి చేయనివ్వకుండా అడ్డుపడ్డారా, ఆన్‌లైన్‌లో పార్సిళ్ళు వరసగా వచ్చాయా, ఎన్నడూ మాట్లాడని బంధువులకు అర్ధరాత్రి ఫోన్లు వెళ్ళాయా, దేవుడి విషయంలోనో వ్యాపారం విషయంలోనో కొత్త పట్టుదల కనిపించిందా. తొలి గుర్తులు మనిషికీ మనిషికీ మారతాయి గానీ ఒకే మనిషిలో చాలావరకు అదే వరుసలో మళ్ళీ కనిపిస్తాయి. ఆ కాగితంలోనివి ఏవీ లేకుండా నిద్ర ఒక్కటే చెడితే కొంత నిమ్మళంగా ఉండవచ్చు. నిద్రతో పాటు వాటిలో రెండు కనిపించినా ఆలస్యం చేయకూడదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఈ జబ్బులో నిద్ర చెడడం ఫలితమూ అవుతుంది, కారణమూ అవుతుంది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పనిచేసిన థామస్ వేర్, ఆయన సహచరులు 1987లో ఒక ముఖ్యమైన ప్రతిపాదన చేశారు. ఆప్తుల మరణం, ప్రసవం, దూర ప్రయాణం, కొన్ని మందులు, పట్టరాని సంతోషం వంటి ఒకదానితో ఒకటి పొంతన లేని విషయాలన్నీ మేనియాను రేపుతున్నాయంటే, వాటన్నింటిలోనూ ఉమ్మడిగా ఉన్నది నిద్ర తగ్గడమే కావచ్చునని వారు అన్నారు. నిద్ర తగ్గితే మేనియా రేగుతుంది, మేనియా రేగితే నిద్ర ఇంకా తగ్గుతుంది, ఆ సుడి తనంతట తానే వేగం పుంజుకుంటుంది. అందరికీ ఇలాగే జరుగుతుందని కాదు. ఒక రాత్రి నిద్ర పట్టనంత మాత్రాన జబ్బు తిరగబెట్టినట్టు కాదు. మందులు సక్రమంగా వాడుతున్నవారు అప్పుడప్పుడు ఒక చెడ్డ రాత్రిని తట్టుకుని మామూలుగానే ఉంటారు. చూడవలసినది వరసగా వచ్చే రాత్రులను.

ఇక మీ మందుల సంగతి. ఓలాంజపిన్‌కు నిద్ర తెప్పించే గుణం బలంగా ఉంది. ఆసుపత్రిలో పూర్తి మోతాదు మీద గాఢంగా నిద్రపోయిన మనిషికి మోతాదు సగమైనప్పుడు కొన్ని రాత్రులు నిద్ర పలచబడడం మేము తరచుగా చూసేదే. ఇది సర్దుకోవచ్చు, సర్దుకోకపోనూ వచ్చు. సర్దుకోకపోతే తగ్గించడం ఇంకా నెమ్మదిగా చేయాలా, మందు ఇంకాస్త పెందలాడే వేసుకోవాలా, కొద్దిరోజులకు మరో మందు తోడు ఇవ్వాలా అన్నది మీ డాక్టరు నిర్ణయిస్తారు. మీరు మాత్రం పాత మోతాదుకు మీ అంతట మీరు వెళ్ళకండి, నిద్ర ఎలాగూ రావడం లేదని ఉన్నదీ మానేయకండి. ముందుముందు మందు మార్చి అరిపిప్రజోల్ లాంటిది ఇస్తే, కొందరికి దానివల్ల కాళ్ళలో నిలవనీయని అలజడి పుట్టి పడుకోలేకపోతారని గుర్తుంచుకోండి. అది జబ్బు లక్షణంలా కనిపిస్తుంది గానీ మందు ప్రభావం, చెప్తే సరిచేయవచ్చు.

లిథియం వల్ల దాహం, మూత్రం ఎక్కువవుతాయి. రాత్రి రెండు మూడుసార్లు లేవవలసి వస్తుంటే ఆ మాట కూడా డాక్టరుతో చెప్పండి. దానికి విరుగుడుగా నీళ్ళు తగ్గించుకోవడం మాత్రం ప్రమాదం, ఎందుకంటే ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. నిద్ర లేక తలనొప్పి వస్తే ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ లాంటి నొప్పిమాత్రలు వేసుకోవద్దు. అవి కూడా లిథియం స్థాయిని పెంచుతాయి, పారాసెటమాల్‌తో ఆ ఇబ్బంది లేదు. కాఫీ, టీల విషయంలో చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. మధ్యాహ్నం తరువాత మానేయడం నిద్రకు మంచిదే, కానీ రోజుకు ఐదారు కప్పులు తాగే మనిషి ఒక్కసారిగా పూర్తిగా మానేస్తే లిథియం శరీరంలోంచి బయటకు పోవడం తగ్గి దాని స్థాయి పెరుగుతుంది. కాబట్టి కప్పు కప్పుగా తగ్గించి, ఆ సంగతి లిథియం స్థాయి చూసే రక్తపరీక్షకు ముందు డాక్టరుకు చెప్పండి. ఆ పరీక్ష రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, ఉదయం మాత్ర ఉంటే అది వేసుకోకముందు చేయించాలి. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడక తూలడం, మాట ముద్దగా రావడం రక్తంలో లిథియం మితిమీరిన గుర్తులు కావచ్చు, అవి కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

అమ్మగారు చెప్తున్న నిద్రమాత్ర గురించి సూటిగా చెబుతాను: వద్దు. చాలా షాపుల్లో అడగగానే చేతిలో పెట్టే అల్ప్రజోలం అనే మత్తుమాత్ర మన దేశంలో షెడ్యూల్ హెచ్1 అనే కట్టుదిట్టమైన మందుల జాబితా కిందికి వస్తుంది, డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికే వీల్లేదు. ఈ కుటుంబానికి చెందిన మందులు మా చేతుల్లో కూడా పనికొస్తాయి. మేనియా తొలిరోజుల్లో లోరాజెపాం, క్లోనజెపాం మేమే రాస్తాం, కానీ కొద్దిరోజులకు, ఆపే తేదీ చూసుకుని రాస్తాం. సొంతంగా మొదలుపెట్టినవారికి ఆ తేదీ ఉండదు. వారాలు గడిచేకొద్దీ పాత మోతాదు చాలదు, మానేసిన రాత్రి అసలు నిద్ర రాదు, ఆ నిద్రలేమి జబ్బుదో మాత్రదో ఎవరికీ తెలియకుండా పోతుంది. మద్యంతో నిద్ర తెచ్చుకోవాలనుకునేవారికీ ఇదే వర్తిస్తుంది: మొదటి రెండు గంటలు మత్తుగా పడుకోబెట్టి తెల్లవారుజామును పాడుచేస్తుంది. ముక్కుదిబ్బడ తగ్గించే కొన్ని జలుబు మాత్రలు, ఆస్తమాకో కీళ్ళకో ఇచ్చే స్టెరాయిడ్లు కూడా నిద్రను చెడగొట్టి మేనియాను రేపగలవు. అందుకే ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా బైపోలార్ ఉందని, లిథియం వాడుతున్నానని ముందే చెప్పండి. అశ్వగంధ వంటి పొడులు కూడా అడగకుండా మొదలుపెట్టవద్దు.

మందుల తరువాత మీ చేతిలో ఉన్న అతి బలమైన సాధనం ఉదయం లేచే సమయం. నిద్ర వచ్చే సమయాన్ని మనం శాసించలేం, లేచే సమయాన్ని శాసించగలం. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఎలెన్ ఫ్రాంక్, ఆమె బృందం బైపోలార్ ఉన్నవారి కోసం రూపొందించిన చికిత్స ఒకటి ఈ దినచర్య మీదే నడుస్తుంది. ఉదయం మంచం దిగడం, మొదటిసారి మరో మనిషితో మాట్లాడడం, పని మొదలుపెట్టడం, రాత్రి భోజనం, పడక అనే ఐదు విషయాలను రోజూ ఇంచుమించు ఒకే వేళకు జరిగేలా చూసుకోమంటారు. ఆ చికిత్స పొందినవారు ఎంత క్రమంగా ఉంటే అంత ఎక్కువకాలం జబ్బు తిరగబెట్టకుండా ఉన్నట్టు వారు 2005లో ప్రకటించిన ఫలితాల్లో కనిపించింది. మీ విషయంలో ఆరున్నర అనుకోండి. రెండింటికి పడుకున్నా, సెలవురోజయినా, ఆరున్నరకు లేచి కిటికీ తెరచి వెలుతురులోకి రండి, వీలైతే వీధిలో ఇరవై నిమిషాలు నడవండి. మధ్యాహ్నం తప్పనిసరైతే మూడింటిలోపే, అరగంట మించకుండా పడుకోండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. నిద్రలేమికి సాధారణంగా చెప్పే సలహాలన్నీ మీకు వర్తించవు. ఒక రాత్రంతా మేలుకుంటే మర్నాడు దెబ్బకు నిద్ర వస్తుందని ఎవరైనా చెప్తే పొరపాటున కూడా చేయకండి. నిద్ర మానిపించడం డిప్రెషన్‌ను తాత్కాలికంగా ఎత్తిపట్టగలదని, కొందరిని నేరుగా మేనియాలోకి తోయగలదని ఎప్పటినుంచో తెలుసు. మంచం మీద గడిపే సమయాన్ని ఐదు గంటలకు కుదించే పద్ధతి మామూలు నిద్రలేమిలో బాగా పనిచేస్తుంది, బైపోలార్‌లో అంతగా కుదించకూడదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఎలిసన్ హార్వీ బృందం ఈ చికిత్సను బైపోలార్‌కు తగినట్టు మార్చినప్పుడు ఆరున్నర గంటలకన్నా తగ్గించవద్దని హద్దు పెట్టుకుంది. పదిన్నరకే మంచమెక్కి మూడున్నర గంటలు దొర్లే బదులు మీరు పదకొండుంబావుకు పడుకుని ఆరున్నరకు లేవండి. ఏడు గంటలకు పైగా అవకాశం ఉంటుంది, దొర్లే సమయం తగ్గుతుంది.

చీకటికి ఉన్న శక్తిని మనం తక్కువ అంచనా వేస్తాం. నార్వేలో మేనియాతో ఆసుపత్రిలో ఉన్నవారికి మామూలు చికిత్సకు తోడుగా సాయంత్రం 6 నుంచి ఉదయం 8 దాకా నీలికాంతిని అడ్డుకునే నారింజరంగు కళ్ళద్దాలు పెట్టించి చూశారు. 2016లో ప్రచురించిన ఆ చిన్న పరిశోధనలో, మామూలు కళ్ళద్దాలు పెట్టుకున్నవారికన్నా వీరిలో వారం రోజుల్లోనే మేనియా బాగా తగ్గింది. అది మేనియాకు, వైద్యుల పర్యవేక్షణలో చేసినది. అన్ని గంటలు మీకు అవసరం లేదు, దిగులు ఉన్నప్పుడు అది మంచిది కూడా కాకపోవచ్చు. ఇంట్లో చేయదగినది ఇది: తొమ్మిది దాటాక హాల్లో ట్యూబులైట్లు ఆపి పసుపు బల్బు ఒకటి ఉంచండి, టీవీ వేరే గదిలో ఉంటే అక్కడే ఉండనివ్వండి, ఫోను చార్జింగు మీ గది బయట పెట్టండి, అలారానికి చవకైన గడియారం ఒకటి కొనుక్కోండి.

ఫోను గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే రోగం కొత్తగా తెలిసినవారి రాత్రులను ఎక్కువగా తినేసేది అదే. ఒంటిగంట వేళ నిద్ర రాక, బైపోలార్ గురించి వెతకడం మొదలవుతుంది. పెళ్ళవుతుందా, పిల్లలకు వస్తుందా, జీవితాంతం మందులేనా, ఉద్యోగం నిలుస్తుందా. ఇవన్నీ అడగవలసిన ప్రశ్నలే, వాటికి సమాధానాలున్నాయి, చాలావాటికి మీరు భయపడుతున్నదానికన్నా మంచి సమాధానాలే ఉన్నాయి. కానీ అర్ధరాత్రి చీకట్లో ఒంటరిగా చదివితే ప్రతి వాక్యమూ తీర్పులా వినిపిస్తుంది. సాయంత్రం ఆరింటికి ఒక నోటుబుక్కు తీసుకుని ఆ ప్రశ్నలన్నీ రాయండి, పక్కన ఎవరిని అడగాలో రాయండి. రాత్రి అదే ఆలోచన వస్తే అది ఇప్పటికే పుస్తకంలో ఉందని మీకు తెలుస్తుంది. గుండెమీద చేయి వేసుకుని నాకు నిద్ర వస్తోందా లేదా అని పరీక్షించుకుంటూ ఉండడం, గంట గంటకూ గడియారం చూసి ఇంకెంత మిగిలిందో లెక్కపెట్టడం కూడా మెలకువను పెంచేవే. గడియారాన్ని గోడవైపు తిప్పేయండి.

ఎంతకీ పట్టకపోతే మంచం మీద పెనుగులాడకుండా లేచి బయటకు రావచ్చు. కానీ ఏం చేయాలో పగలే నిర్ణయించుకోండి. జీరో బల్బు వెలుతురులో ఉతికిన బట్టలు మడతపెట్టడం, చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన శ్లోకాలు మననం చేసుకోవడం, మెల్లగా ఊపిరి వదులుతూ కూర్చోవడం సరిపోతాయి. లాప్‌టాప్ తెరవడం, కొత్త పని మొదలుపెట్టడం, ఎవరితోనైనా చాటింగు చేయడం వద్దు. ఆ వేళ తట్టే గొప్ప ఆలోచన ఉదయానికి కూడా గొప్పగానే ఉంటే అప్పుడు చూద్దురు గాని. ఎప్పుడు పట్టిందో, ఎప్పుడు లేచారో, పగలు ఎలా ఉందో ఉదయం టీ తాగుతూ ఉజ్జాయింపుగా రెండు ముక్కలు రాస్తే చాలు. చేతి వాచీ చెప్పే గాఢనిద్ర శాతాలను పట్టించుకోకండి. మందు మొదలయ్యాక బరువు పెరిగి, గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతోందని ఇంట్లోవాళ్ళు గమనిస్తే అది కూడా రాసుకోండి, దానికి వేరే పరీక్ష ఉంది.

మన ఇళ్ళల్లో రాత్రిని ముక్కలు చేసే సందర్భాలకు కొదవ లేదు. శివరాత్రి జాగారం, వైకుంఠ ఏకాదశికి తెల్లవారుజాము దర్శనం, అర్ధరాత్రి రెండుంబావు ముహూర్తం, వేసవి సెలవుల్లో రాత్రి బస్సు ప్రయాణం. ఈ ఏడాదికి జాగారం వద్దు. ఉపవాసం చేయాలంటే లిథియం సంగతి డాక్టరును అడిగి చేయండి. దగ్గరివాళ్ళ పెళ్ళి అయితే రిసెప్షనుకు వెళ్ళి, ముహూర్తానికి అమ్మగారిని పంపండి. అమెరికా ప్రయాణం ఏదైనా ఉంటే కనీసం నెల ముందు డాక్టరుకు చెప్పండి, మందు వేళలు, విమానంలో నిద్ర, దిగాక తొలి వారం అన్నీ ముందే ప్రణాళిక వేసుకోవచ్చు.

రాత్రి షిఫ్టు మాత్రం చర్చకు తావులేని విషయం. వారం పగలు, వారం రాత్రి మారే షిఫ్టు అంతకన్నా చెడ్డది. మీ డాక్టరు దగ్గర మెడికల్ సర్టిఫికెట్ తీసుకుని, వైద్యకారణాల వల్ల రాత్రి పని తగదని హెచ్.ఆర్.కు ఇవ్వండి, అందులో జబ్బు పేరు రాయనవసరం లేదని డాక్టరుతో చెప్పవచ్చు, మీ వైద్య వివరాల గోప్యత 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీకిచ్చిన హక్కు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్ని కూడా తన పరిధిలోకి తీసుకుంది గానీ, షిఫ్టు మార్పుకు సాధారణంగా అంతదాకా వెళ్ళవలసిన అవసరం రాదు. ఆ ప్రాజెక్టులో పగటి పని దొరకకపోతే వేరే ప్రాజెక్టు అడగండి. జీతంలో షిఫ్టు అలవెన్సు పోతుందని మీరు రాశారు, నిజమే, అది చిన్న నష్టం కాదు. మరోసారి ఆసుపత్రిలో చేరితే పోయేది దానికన్నా చాలా ఎక్కువ.

వరసగా రెండు రాత్రులు నాలుగైదు గంటలకన్నా తక్కువ పడుకుని కూడా అలసట లేకపోతే, అదే రోజు డాక్టరుకు ఫోను చేయాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే గంట కూడా ఆగకుండా ఇంట్లో ఒకరిని నిద్రలేపి చెప్పండి, దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళండి. డాక్టరు అందుబాటులో లేని వేళ 14416కు ఫోను చేస్తే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవలో తెలుగులోనే మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచి అది రాత్రింబవళ్ళు పనిచేస్తోంది. డాక్టరు నంబరు, ఈ నంబరు రెండూ అమ్మగారి ఫోనులో కూడా ఉండాలి. ఇప్పుడున్న నిద్రలేమికి మాత్రం మూడు వారాల తరువాతి అపాయింట్‌మెంటుదాకా ఆగకండి. ఓలాంజపిన్ తగ్గించిన తేదీ, నిద్ర చెడడం మొదలైన తేదీ, గత వారం రాత్రుల వివరం ఒక కాగితం మీద రాసుకుని రేపు ఉదయమే ఆసుపత్రికి ఫోను చేసి ముందు తేదీ అడగండి.